చివర మిగిలిన టేపు

నేను మొట్టమొదట కొనుక్కున్న పాటల క్యాసెట్టు సీలు విప్పేసి నా చేతికొచ్చింది. ఆ సీలు విప్పినాయన, అంటే దాన్ని నాకు అమ్మినాయన, కిందటి నెల తాడేపల్లిగూడెంలో పోయారు. ఆ సంగతి ఏలూరులో మా స్కూలు గేటు దగ్గర మా సైన్సు టీచరు చెబితే తెలిసింది. ఆవిడ రోజూ గూడెం నుంచి వస్తుంది. "స్టేషన్ దగ్గర ఫోన్ కవర్లు అమ్మే పెద్దాయనండీ, ఎవరు కనపడినా 'విన్నారా' అంటారే, ఆయన," అంది. ఆ ఒక్క మాటతో ఎవరో తెలిసిపోయింది. ఆ పూట ఎనిమిదో తరగతికి నేను చెప్పిన పాఠం మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

ఆదివారం చర్చి అయ్యాక బస్సెక్కి గూడెం వెళ్ళాను. ఆయన భార్యని అంతకు ముందు రెండు మూడుసార్లకన్నా ఎక్కువ చూడలేదు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఆవిడ గడప మీద కూర్చున్నారు. పిల్లలు లేరు వాళ్ళకి. నేను, "ఆయన మాట తీరు ఎప్పుడూ గుర్తొస్తుందండీ," అన్నాను.

"ఏం మాటమ్మా," అన్నారావిడ. "ఒక్క మాటన్నా పూర్తి చేసేవారా? ఏదో చప్పుడు వినపడితే చాలు, నోట్లో మాట నోట్లోనే ఉండిపోయేది. 'మందులు తేవాలి' అనబోయి 'మందులు' దగ్గర ఆగి కిటికీ వైపు చూసేవారు. నేను 'ఊఁ, చెప్పండి' అనాలి. రోజుకి యాభైసార్లు అనేదాన్నేమో."

కొంచెంసేపు కొంగు అంచు మడతలు పెట్టి, మళ్ళీ విప్పారు. తర్వాత అన్నారు. "ఊళ్ళో చప్పుళ్ళన్నీ పట్టారు టీచరుగారూ. కాకిని పట్టారు, కప్పని పట్టారు. ఆయన గొంతు మాత్రం ఎక్కడా లేదు. పెళ్ళిళ్ళ వీడియోల్లో కూడా పెదాలు కదపరు. మా తమ్ముడి ఫోనంతా వెతికించాను. ఎక్కడా లేదమ్మా. ఒక్కసారి వింటే బాగుండు అనిపిస్తోంది. ఇంకేమీ అక్కర్లేదు నాకు."

ఇంకేదన్నా అడిగి ఉంటే నేను చెయ్యగలిగేదాన్ని కాదు. కానీ ఆయన గొంతు నా దగ్గర ఉంది. ఉందనే అనుకుంటున్నాను. ఆ సంగతి అప్పుడే పైకి అనలేదు. పాత టేపుని నమ్మి మనిషికి ఆశ పెట్టకూడదు.

ఊళ్ళో ఎవరూ ఆయన్ని పేరుతో పిలిచేవారు కాదు. క్యాసెట్ల కొట్టాయన, అంతే. స్టేషన్ దగ్గర ఒక మేడ మెట్ల కింద కొట్టు. ఆయన కూర్చుంటే రెండో మనిషి బయట నించోవలసిందే. వెనకాల రైలు పట్టాలు, ముందు ఉల్లిపాయల బస్తాల లారీలు. పాటలు వినడానికి అంతకన్నా పనికిరాని చోటు గూడెం మొత్తంలో ఉండదు. ఆయనకి మాత్రం అదే కావాలి. గూడ్సు బండి వస్తుంటే బేరం మధ్యలో ఆపి చూపుడు వేలు పైకెత్తేవారు. "ఒక్క క్షణం అండీ." కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేవారు, జోడుంటే సరిగ్గా వినపడదట. ఆఖరి పెట్టె దాటాక జోడు పెట్టుకుని, "విన్నారా? మధ్యలో ఒక పెట్టెకి చక్రం అరిగిందండి," అనేవారు. మేమెవరం వినలేదు. విన్నామండీ అని తలూపి క్యాసెట్టు తీసుకుని పోయేవాళ్ళం.

క్యాసెట్టు ఎరగని వాళ్ళకి ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. దానికి రెండు వైపులుండేవి. పాటల నిడివి రెండు వైపులా సరిసమానంగా రాదు కదా. రెండో వైపు ఆఖరి పాట అయ్యాక అరనిమిషమో, నిమిషమో ఖాళీ టేపు మిగిలి, సుయ్‌మని ఊరికే తిరిగి ఆగిపోయేది. మనమైతే ఆ లోపల లేచి వెళ్ళి బటన్ నొక్కేస్తాం. ఆ ఖాళీ అంటే ఆయనకి ప్రాణం మీదకొచ్చేది.

"పాటైపోగానే మనిషి లేచిపోడండీ. కాసేపు అలాగే కూర్చుంటాడు. ఆ కూర్చున్నవాడికి ఏదో ఒకటి వినిపించాలా వద్దా?"

అందుకని కొట్టుకొచ్చిన ప్రతి కంపెనీ క్యాసెట్టునీ సీలు విప్పి, ఆఖరిదాకా విని, మిగిలిన ఖాళీ ఎన్ని సెకండ్లో చేతి వాచీ చూసి కొలిచేవారు. దాని మీద ఎవరూ ఇంకేమీ ఎక్కించకుండా కంపెనీ వాళ్ళు పైఅంచున వదిలిన గుంటలకి సెల్లోటేపు ముక్క అంటించేవారు. అలా మూసేస్తే మిషను మోసపోయి రికార్డు చేస్తుంది. ఆ ఖాళీలో సరిగ్గా పట్టే చప్పుడు ఒకటి ఎక్కించి, సెల్లోటేపు పీకేసి, అప్పుడు అమ్మేవారు. ఎవరూ అడగలేదు. ఎవరూ దానికి పైసా ఎక్కువ ఇవ్వలేదు. చాలామంది తిట్టారు కూడా.

ఆ చప్పుళ్ళన్నీ ఆయన సొంతంగా పట్టుకొచ్చినవే. ఆదివారం వస్తే టేప్ రికార్డరుకి తువ్వాలు చుట్టి, చంకలో పెట్టుకుని ఏదో ఒక బస్సెక్కేవారు. ఏలూరులో తివాచీలు నేసేవాళ్ళ ఇంటి అరుగు మీద కూర్చుని మగ్గం చప్పుడు పట్టేవారు. ద్వారకా తిరుమల మెట్ల మీద చెప్పులు లేని పాదాల చప్పుడు పట్టారు. కొల్లేటికైతే ఎన్నిసార్లు వెళ్ళారో లెక్కలేదు. రికార్డు చేసేటప్పుడు చెప్పులు విప్పేసి, ఊపిరి బిగబట్టేవారట. తిరిగొచ్చాక అన్నీ ఒక స్కూలు నోటుపుస్తకంలో నిడివి ప్రకారం రాసుకునేవారు. పదకొండు సెకండ్లు, చర్చి గంట. ఇరవై ఆరు, గూడబాతులు నీళ్ళ మీంచి లేవడం. నిమిషం మీద నాలుగు, గణపవరం రైసు మిల్లు బెల్టు. క్యాసెట్టులో ఎంత ఖాళీ ఉంటే అంత చప్పుడు వెతికేవారు గానీ, ఉన్నదాన్ని కోసేవారు కాదు.

"మధ్యలో తెంపకూడదండీ. గంట కొట్టినవాడు దాని మోత ఆగేదాకా విని పోతాడు. మనం ముందే తెంపేస్తే వాడికి అవమానం కదండీ."

ఒకసారి ఒక మిల్లు యజమాని భక్తిపాటల క్యాసెట్టు పట్టుకొచ్చి, "దేవుడి పాటల చివర ఈ బాతులేంటండీ?" అని గొడవ పెట్టుకున్నాడు. "అవీ ఆయన చేసినవేగా అండీ," అన్నారీయన నెమ్మదిగా. ఇంకొకాయన సినిమా పాటల వెనక ఉల్లిపాయల మార్కెట్టు కేకలు విని మండిపడితే, "అదీ పాటేనండి, వేలంపాట," అన్నారు. సీలు లేదు కాబట్టి ఇది పాతదని వాదించేవాళ్ళకి మాత్రం ఒకటే జవాబు. "సీలుంటే కొత్తదండీ. పూర్తయింది మాత్రం కాదు."

ఇప్పుడు తలుచుకుంటే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. అప్పుడు మాత్రం నేనూ ఆ తిట్టినవాళ్ళ జట్టే.

తొమ్మిదో తరగతిలో ఉండగా, క్రిస్మస్‌కి గౌను వద్దు, క్యాసెట్టు కావాలని ఇంట్లో పేచీ పెట్టాను. మా నాన్న మిషన్ స్కూల్లో టీచరు. మా ఇంట్లో టేప్ రికార్డరు చర్చి పాటలు నేర్చుకోవడానికే. నేను అడిగింది లలిత గీతాల ఆల్బమ్. రేడియోలో ఒక మధ్యాహ్నం రెండు పాటలు విని దాని మీద మనసు పారేసుకున్నాను. అట్ట మీద నీలం అంచు చీర కట్టుకున్న ఒకావిడ వీణ పక్కన కూర్చుని ఉంటుంది. కొట్టు అద్దంలో ఆ అట్టని చూడటానికి పదిరోజులు స్కూలు నుంచి చుట్టుతిరిగి వెళ్ళాను. తీరా నాన్నని తీసుకుని వెళ్ళి అడిగితే, "రేపు రండి అమ్మాయిగారూ. ఇంకా పూర్తవలేదు," అన్నారు.

పద్నాలుగేళ్ళ పిల్లని అమ్మాయిగారూ, మీరు అనేవారు. ఊళ్ళో పెద్దా చిన్నా అందరికీ అదే మర్యాద.

మర్నాడు తెచ్చుకున్నాను. అమ్మ వంటింట్లో, నాన్న వాలుకుర్చీలో, నేను టేప్ రికార్డరు ముందు. ఎంత బాగున్నాయో ఆ పాటలు! రెండో వైపు ఆఖరి పాట అయిపోయింది. నేను కదల్లేదు, ఆయన చెప్పినట్టే అలాగే కూర్చుండిపోయాను. అప్పుడు వినపడింది. నీళ్ళ చప్పుడు. వంటింట్లోంచి అమ్మ కేకేసింది. "ఎవరే కుళాయి వదిలేసింది? మళ్ళీ సాయంత్రం దాకా రావు నీళ్ళు!" నాన్న లేచి పెరట్లోకి పరిగెత్తారు. కుళాయి కట్టేసే ఉంది. అయినా నీళ్ళు పడుతూనే ఉన్నాయి. నాన్న కుళాయి తిప్పుతున్నారు, కడుతున్నారు. అమ్మ కాలవలూ గోలేలూ వెతుకుతోంది. టేపు ఆగింది, నీళ్ళూ ఆగాయి. ముగ్గురం మిషను వైపు చూశాం. నాన్న పగలబడి నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. గౌను వదులుకుని కొనుక్కున్న నా క్యాసెట్టు మా ఇంట్లో హాస్యమైపోయింది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అప్పుడూ అంతే. తిన్నగా కొట్టుకి వెళ్ళాను.

"ఏవండీ, ఇందులో నీళ్ళున్నాయి," అన్నాను.

ఆయన మొహం విప్పారింది. "విన్నారా! దోనె అంచుకి తగిలే కొల్లేటి నీళ్ళండి అవి. గెడ వేసేవాణ్ణి బతిమాలి, కాసేపు గెడ వెయ్యకుండా ఊరుకోమని..."

"నాకు నీళ్ళొద్దు. చెరిపెయ్యండి."

"నచ్చలేదాండీ?"

"మా అమ్మ కుళాయనుకుంది."

నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. "కుళాయికీ దానికీ..." అని ఆగిపోయారు. తర్వాత, "సరేనండి. మీ క్యాసెట్టు, మీ ఇష్టం. చెరిపేస్తాను. కానీ ఖాళీగా ఇవ్వలేనండి. నలభై రెండు సెకండ్లు. మీకేం కావాలో చెప్పండి, అదే ఎక్కిస్తాను. మీ చర్చి గంట ఉంది, మూడుసార్లు కొట్టింది..."

"అంత ఖాళీగా ఇవ్వలేకపోతే అందులో మీరే మాట్లాడండి!" అన్నాను. ఏడిపించాలనే అన్నాను.

ఆయన చెయ్యి గొంతు మీదకి వెళ్ళింది. "నా గొంతాండీ?" అన్నారు. నిజంగా భయపడ్డారు. ఆయన గొంతు గరుగ్గా, రేకు మీద మేకుతో గీసినట్టు ఉండేది. రోజూ వినే గొంతే కాబట్టి నేనెప్పుడూ దాని గురించి ఆలోచించలేదు.

"మా నాన్నగారు పురోహితులండి. నాకు పన్నెండేళ్ళప్పుడు ఒక పెళ్ళిలో పక్కన కూర్చోబెట్టుకుని మంత్రం చెప్పమన్నారు. రెండు చెప్పాను. నా మోకాలి మీద చెయ్యేసి నొక్కారు, ఇంక చాలని. మళ్ళీ ఎప్పుడూ చెప్పమనలేదండి. తిట్టలేదు కూడా. అప్పట్నుంచి నేను వినడంలో పడ్డాను."

నాకేమీ జాలి కలగలేదు. పద్నాలుగేళ్ళు మరి. చేతులు కట్టుకుని అలాగే నించున్నాను. ఖాళీగా ఇవ్వకూడదన్నది ఆయన పెట్టుకున్న నియమం, అడిగింది ఎక్కిస్తానన్నది ఆయన ఇచ్చిన మాట. వేరే ఎవరైనా అయితే పోమ్మా అని కసిరి పంపేవారు. ఆయన ఒక నిట్టూర్పు విడిచి, "కాస్త బయట నించోండమ్మా," అన్నారు.

షట్టరు సగం దించారు. కింద నుంచి ఆయన పాదాలు మాత్రం కనపడుతున్నాయి. చెప్పులు విప్పేశారు. బొటనవేళ్ళు నేలని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత ఏదో గొణుగుడు. తర్వాత షట్టరు లేచింది. మొహమంతా చెమట.

"చివర్లో తెగిందండి. వాచీ చూసుకోలేదు."

"మళ్ళీ ఎక్కించరా?"

"నాదే కదండీ. పర్లేదు," అన్నారు. సెల్లోటేపు పీకేసి, క్యాసెట్టుని చొక్కాతో తుడిచి, రెండు చేతులతో ఇచ్చారు.

ఇంటికెళ్ళి ఒక్కసారి పెట్టాను. 'అమ్మాయిగారూ' అన్న మొదటి మాటకే నాన్న మళ్ళీ నవ్వడం మొదలుపెట్టారు. నేను సిగ్గుతో బటన్ నొక్కేశాను. ఆ తర్వాత ఆ పాటలు కొన్ని వందలసార్లు విని ఉంటాను. ఆఖరి పాట అవగానే ప్రతిసారీ నొక్కేశాను. మిగిలిన మాటలేమిటో నాకిప్పటికీ తెలియదు.

క్యాసెట్ల కాలం పోయి సీడీలొచ్చాయి, అవీ పోయాయి. నేను ఉద్యోగంలో చేరాక ఒకసారి ఫోన్‌లో పాటలు ఎక్కించుకోవడానికి ఆ కొట్టుకే వెళ్ళాను. గోరంత మెమరీ కార్డుని వేళ్ళ మధ్య పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూస్తున్నారు. "వేల పాటలు పడతాయంటండీ ఇందులో. అన్నీ అయ్యాక మళ్ళీ మొదటిది వచ్చేస్తుందట. దీనికి చివరెక్కడుందండీ?" అని అడిగారు. ఆ మరుసటేడు పాటలు ఎక్కించడం మానేసి ఫోన్ కవర్లు పెట్టారు. ఆయన పట్టుకొచ్చిన చప్పుళ్ళ టేపులు అటక మీద వానకి తడిసి ముద్దయిపోయాయని మొన్న ఆయన భార్య చెప్పారు. అంటే ఆయన ఆదివారాలన్నీ ఇప్పుడు ఎవరెవరి ఇళ్ళల్లోనో, ఎవరూ పెట్టని క్యాసెట్ల చివర ఉన్నాయి. నేను చెరిపించిన కొల్లేటి నీళ్ళు మాత్రం ఎక్కడా లేవు. దాని గురించి నన్ను నేను ఇంకా క్షమించుకోలేదు.

ఆ ఆదివారం ఆవిడ దగ్గర్నుంచి తిన్నగా, గూడెంలోనే ఉన్న మా అమ్మ ఇంటికెళ్ళి, పాత సూట్‌కేసులో పాటల పుస్తకాల అడుగున వెతికాను. క్యాసెట్టు ఉంది. నీలం అంచు చీర ఆవిడ వెలిసిపోయింది. టేపు మీద తెల్లగా బూజు. ఏలూరు తెచ్చుకుని మరలు విప్పి, దూదిని స్పిరిట్‌లో ముంచి, జానెడు జానెడు చొప్పున తుడిచాను. నాలుగు సాయంత్రాలు పట్టింది. స్కూలు స్టోర్ రూములో, ఒకప్పుడు డ్రిల్లుకి వాడిన టేప్ రికార్డరు దొరికింది. వేరే పాత క్యాసెట్టు పెట్టి చూస్తే పనిచేసింది. నాది మాత్రం పెట్టి చూడలేదు. ఆ టేపు ఒక్కసారికి మించి ఓర్చుకుంటుందన్న నమ్మకం నాకు లేదు. ఆ ఒక్కసారి నాది కాదు. పెన్సిలు పెట్టి నెమ్మదిగా ఆఖరి పాట దాకా చుట్టి ఉంచాను.

మళ్ళీ ఆదివారం మధ్యాహ్నం గూడెం వెళ్ళాను. ఈసారి చెప్పాను. "తెగొచ్చండీ. అసలు వినపడకపోవచ్చు. ఆశ పెట్టుకోకండి."

"పెట్టమ్మా," అన్నారావిడ. లేచి వెళ్ళి ఫ్యాను ఆపొచ్చారు. గడప దగ్గర చెప్పులు విప్పి, చాప మీద మిషనుకి ఎదురుగా కూర్చుని కళ్ళు మూసుకున్నారు. నేను నా ఫోన్ పక్కన పెట్టి రికార్డింగు నొక్కాను. తర్వాత టేప్ రికార్డరు బటన్.

ఆఖరి పాట చివరి చరణం కొంచెం ఊగుతూ వచ్చి అయిపోయింది. సుయ్‌మని టేపు తిరుగుతోంది. బూజుతో పాటు తుడిచేశానా అనుకున్నాను. అప్పుడు ఎవరో గొంతు సవరించుకున్నారు.

"అమ్మాయిగారూ... నేనండి. కొట్టాయన్ని."

ఆవిడ చేతులు ఒళ్ళో బిగుసుకున్నాయి.

"పాటలు అయిపోయాయండి. బాగున్నాయి కదండీ. మూడోది మళ్ళీ ఒకసారి వినండి, అందులో వీణ..." ఎక్కడో రైలు కూసింది. అది పూర్తిగా ఆగేదాకా ఆయన మాట్లాడలేదు. "విన్నారా? ఏం చెప్పాలో తెలియట్లేదండి. మీరు ఎండలో నించున్నారు. తొందరగా కానిచ్చేస్తాను. నేనూ ఇంటికెళ్ళాలి. మా ఆవిడ..."

టక్కుమని బటన్ పైకి లేచింది.

ఇన్నేళ్ళలో నేనెప్పుడూ వినని మాట అక్కడ తెగి ఉంది. క్షమించమని అడగబోయాను. ఆవిడ నా వైపు చూడలేదు. కళ్ళు మూసుకునే ఉన్నారు. మిషను వైపు కాస్త ముందుకి వంగి, పొయ్యి దగ్గర పనిలో ఉన్న మనిషి అన్నంత మామూలుగా అన్నారు.

"ఊఁ, చెప్పండి."